సంక్రాంతికి ఘాటీ దిగేవాళ్లకీ, ఎక్కేవాళ్లకీ

పుష్యమాసం చలికి ఒడిశా కొండల మీది కోరాపుట్, సునాబెడ వణుకుతున్న రోజుల్లోనే ఇక్కడి తెలుగు ఇళ్లలో ఫోన్లు మోగడం మొదలవుతుంది. కింది నుంచి, అంటే సాలూరు, బొబ్బిలి, పార్వతీపురం వైపు నుంచి అమ్మలూ అత్తలూ అడిగేది ఒక్కటే మాట. "భోగి మంటేసే వేళకి వచ్చేస్తారు కదా నాన్నా?"

చాలా ఏళ్లు నేను "వచ్చేస్తాం" అనే చెప్పాను. ఒక ఏడాది ఆ మాట నిలబెట్టుకోవాలని రాత్రి రెండింటికి పిల్లల్ని నిద్రలోనే కారెక్కించి ఘాటీ, అంటే కొండదారి, దిగాను. రామభద్రపురం దాటాక, ఇక ఇంటికొచ్చేశాం అనుకునే చోట, మంచులో వెనక లైటు లేని చెరకు ట్రాక్టరు కనిపించింది. కనిపించింది అనడం కన్నా, ఎదుట లేచి నిలబడింది అనాలి. బ్రేకు తొక్కితే మూడడుగుల దూరంలో బండి ఆగింది. వెనక సీట్లో బెల్టు లేదు కాబట్టి పిల్లలిద్దరి నుదుళ్లూ ముందు సీటుకు తగిలాయి. బొప్పి కట్టాయి, అంతే. భోగి మంటకి అందాం. ఆ మంట ముందు కూర్చుని నేను గంటసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

అప్పటి నుంచి జవాబు మార్చాను. "భోగి నాడు మధ్యాహ్నం భోజనానికి వస్తాం. మంట మీరు వేసెయ్యండి." అమ్మ రెండేళ్లు అలిగింది, మూడో ఏడు అలవాటు పడింది. పండగ ప్రయాణంలో ప్రమాదం చాలాసార్లు రోడ్డు మీద పుట్టదు, ఇంట్లో బయల్దేరే వేళ పెట్టుకున్నప్పుడే పుడుతుంది. అందుకే నా లెక్కలో మొదటి పని బండిది కాదు, గడియారానిది.

మొదటి పని: బయల్దేరే వేళ పెట్టుకోవడం

చేరాల్సిన వేళ నుంచి వెనక్కి లెక్కేసి బయల్దేరే వేళ పెట్టడం మనకి అలవాటు. దాన్ని తిప్పి పెట్టండి. డ్రైవరు ముందు రాత్రి ఏడెనిమిది గంటలు పడుకోవాలి. తెల్లారి మంచు విడవాలి. ఆ తర్వాతే తాళం తిప్పాలి. కోరాపుట్ పీఠభూమి మీద జనవరిలో మంచు ఎనిమిదైనా విడవని రోజులుంటాయి, ఒక్కోసారి తొమ్మిది దాటుతుంది. అంటే ఘాటీ దిగడానికి పది నుంచి సాయంత్రం నాలుగు దాకా మంచి వేళ. కింది నుంచి ఎక్కేవాళ్లకీ అంతే, సాలూరులో మధ్యాహ్నం మూడు దాటితే ఆలోచించుకోవాలి.

హైదరాబాద్ నుంచి బరంపురం, జయపురం వచ్చే మన పిల్లల సంగతి వేరు. హైదరాబాద్ నుంచి విశాఖకే 600 కిలోమీటర్ల పైచిలుకు, అక్కడి నుంచి బరంపురానికి ఇంకో 270 దాకా ఉంటుంది. సాయంత్రం ఆరింటికి ఆఫీసు వదిలి, ఏడింటికి స్టీరింగ్ పట్టుకుని, మర్నాడు పొద్దుటికి ఇంటికి చేరిపోతామంటారు. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య ఒళ్లు నిద్రకే వెళ్తుంది, టీ తాగినా పాటలు పెట్టినా వినదు. 80 స్పీడులో మూడు సెకన్లు కన్ను మూసుకుపోతే బండి 66 మీటర్లు తనంతట తాను పోతుంది. ఆ దారిని రెండు రోజులు చెయ్యండి. రాజమండ్రిలోనో విశాఖలోనో రాత్రి ఆగి పడుకోండి. లాడ్జి ఖర్చు పండక్కి కొన్న చీర కన్నా తక్కువే.

దారిలో ప్రతి రెండు గంటలకీ ఆగాలి. ఆవలింతలు ఆగకపోయినా, దాటిన ఊరి పేరు గుర్తు లేకపోయినా, బండి తెల్లగీత తొక్కుతున్నా ఆ ఆగడం సరిపోదు. ధాబాలోనో పెట్రోలు బంకులోనో పెట్టి, ముందు కాఫీ తాగి, వెంటనే ఇరవై నిమిషాలు పడుకోండి. కాఫీ పనిచెయ్యడం మొదలుపెట్టే వేళకి మెలకువ వస్తుంది. కిటికీ దించి చల్లగాలి పెట్టుకుంటే అయిదు నిమిషాలు బాగుంటుంది, ఆరో నిమిషం మోసం చేస్తుంది.

రెండో పని: మీ దారి ఏ రకమో తెలుసుకోవడం

ఆంధ్రా ఒడిశా సరిహద్దులోకి వచ్చే దారులన్నీ ఒకటి కావు. ఒక్కో దారికి ఒక్కో జబ్బు.

బరంపురం వెళ్లేవాళ్లది 16వ నంబరు జాతీయ రహదారి. శ్రీకాకుళం, నరసన్నపేట, టెక్కలి, పలాస, కంచిలి, ఇచ్ఛాపురం, గిరిసోల. డివైడరు ఉన్న వెడల్పు రోడ్డు. జబ్బు: వేగం, ఆగి ఉన్న లారీలు, ఊళ్ల దగ్గర రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు. పర్లాకిమిడి వాళ్లు నరసన్నపేట దగ్గర విడిపోయి పాతపట్నం మీదుగా వెళ్తారు. రెండు లైన్ల రోడ్డు, ఊళ్లు, ఆటోలు, పశువులు.

రాయగడ వాళ్లది బొబ్బిలి, పార్వతీపురం, కొమరాడ దారి. దానికి ఏనుగుల సమస్య ఉంది, అది తర్వాత చెప్తాను. కోరాపుట్, జయపురం వాళ్లది 26వ నంబరు రోడ్డు, పాతవాళ్లకి 43. సాలూరు దాటి పి.కోనవలస దగ్గర ఘాటీ మొదలై, సుంకి దగ్గర ఒడిశాలో పడి, పొట్టంగి, కుందులి, సెమిలిగుడ మీదుగా పోతుంది. మొత్తం సుమారు 80 కిలోమీటర్లు. మ్యాపు రెండు గంటలు చూపించినా మీరు మూడు అనుకోండి. ఇంకో చిన్న లెక్క: కుందులి సంత శుక్రవారం. పండగ ముందు శుక్రవారం ఆ సంతలో మేకలు, కోళ్లు, కూరగాయల బస్తాలు, మనుషులు అంతా రోడ్డు మీదే ఉంటారు. వీలైతే ఆ రోజు వదిలెయ్యండి.

అరకు మీదుగా వస్తే చూడ్డానికి బాగుంటుందని కొందరు ఆ దారి పట్టుకుంటారు. జనవరిలో అనంతగిరి ఘాటీ నిండా విహారయాత్ర బళ్లే. మలుపులో కారాపి ఫొటోలు దిగేవాళ్ల మధ్య నుంచి పండక్కి వెళ్లడం నాకైతే ఇష్టం లేదు. మల్కన్‌గిరి వాళ్లు చింతూరు, మోటు మీదుగా వస్తారు. అడవి దారి, ఫోను సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది, పగలే దాటాలి, చింతూరులో టాంకు నింపుకోవాలి.

రైలు దొరికితే రైలెక్కండి. విజయనగరం, పార్వతీపురం, రాయగడ, కోరాపుట్ కలుపుతూ హీరాఖండ్ ఉంది. నౌపడా నుంచి పర్లాకిమిడి, గుణుపురం లైనుంది. 1900లో పర్లాకిమిడి రాజావారి చిన్న రైలుగా మొదలైన ఆ లైను ఇప్పుడు బ్రాడ్‌గేజీ. నలుగురు సభ్యుల కుటుంబం ఒక బైకు మీద నూటయాభై కిలోమీటర్లు రావడం కన్నా జనరల్ బోగీలో నిలబడి రావడం మేలు.

మూడో పని: బండిని వారం ముందు చూపించడం

పండగ ముందు రోజు మెకానిక్ దగ్గరికి వెళ్తే అతను "బాగానే ఉంది సార్" అంటాడు. అతనికీ పండగే కదా. వారం ముందు వెళ్లండి.

అడగాల్సింది ముఖ్యంగా బ్రేకు లైనింగ్, బ్రేకు ఆయిల్. ఘాటీ దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కుతాయి, పాత ఆయిల్‌లో చేరిన నీరు ఆవిరైతే పెడల్ మెత్తగా కిందికి పోతుంది. బండి ఆగదు. ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే మార్పించేయండి. టైర్లకి పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2320 అంటే 2020వ సంవత్సరం 23వ వారం. టైరు గాడుల్లో చిన్న మిట్టలుంటాయి, టైరు అరిగి ఆ మిట్టలతో సమానమైతే దాని పని అయిపోయినట్టే. గాలి చల్లటి టైరులో కొట్టించాలి. డ్రైవరు డోరు పక్కన అంటించిన కాయితంలో ఫుల్ లోడుకి ఎంతో వేరే రాసి ఉంటుంది. స్టెప్నీలో గాలి ఉందో లేదో చూసేవాళ్లని నేను ఇంతవరకూ ఇద్దర్నే చూశాను.

లైట్ల దగ్గర ఒక మాట. వెనక అరిసెల డబ్బాలు, బియ్యం బస్తా, ముగ్గురు మనుషులు ఎక్కితే బండి వెనక్కి కుంగి హెడ్‌లైటు ఆకాశం చూస్తుంది. ఎదురొచ్చేవాడికి మీ డిమ్ లైటు కూడా కళ్లలో గుచ్చుకుంటుంది. చాలా కార్లలో స్టీరింగ్ పక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది. అది లైటును కిందికి దించడానికే. కారు కొని ఏడేళ్లయినా అదెందుకో తెలియనివాళ్లలో నేనూ ఒకణ్ణి.

కాయితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ డిజిలాకర్‌లో పెట్టుకోండి. ఒడిశాలో టోల్ గేట్ల దగ్గర ఇన్సూరెన్సు, పొల్యూషన్ లేని బళ్లని కెమెరాలే పట్టి చలానా పంపుతాయి. ఫాస్టాగ్‌లో డబ్బు వేసి ఉంచండి. మడపం, బెల్లుపడ గేట్ల దగ్గర పండగ రద్దీలో బాలెన్సు లేక చివరి నిమిషంలో లైను మారేవాళ్ల వల్లే గుద్దులాటలు.

నాలుగో పని: ఎవరెక్కడ కూర్చోవాలి

60 స్పీడులో దేన్నైనా గుద్దితే ఒంటికి తగిలే దెబ్బ సుమారు 14 మీటర్ల ఎత్తు నుంచి పడ్డంత. ఉద్దానం కొబ్బరిచెట్టు మీంచి పడ్డట్టు అనుకోండి. ఒళ్లో ఉన్న పిల్లాణ్ణి చేతులతో పట్టుకుని ఆపగలమని అమ్మమ్మలు అనుకుంటారు, ఆపలేరు. ముందు సీట్లో పెద్దవాళ్ల ఒళ్లో పిల్లలు అసలు వద్దు, గాలి సంచి (ఎయిర్‌బ్యాగ్) తెరుచుకుంటే మధ్యలో నలిగేది పిల్లలే. చిన్నపిల్లలకి వెనక సీట్లో వాళ్ల సీటు, పెద్దవాళ్లకి వెనక కూడా బెల్టు. బెల్టు లేకపోతే చట్టప్రకారం 1000 రూపాయలు. ఆ వెయ్యి సంగతి వదిలెయ్యండి, వెనక కూర్చున్నవారు బెల్టు లేకుండా ఎగిరితే ముందు కూర్చున్నవారి మెడ విరుగుతుంది. మావయ్యగారితో ఈ మాట చెప్పి బెల్టు పెట్టించడం కష్టం. నేనైతే "బెల్టు పెట్టకపోతే ఈ బండి కూతపెడుతూనే ఉంటుంది మావయ్యా" అంటాను, పెట్టుకుంటారు.

బైకు మీద తప్పనిసరిగా వెళ్లాలంటే ఇద్దరే, ఇద్దరికీ ఐఎస్ఐ ముద్ర ఉన్న హెల్మెట్, గడ్డం కింద బకిల్ బిగించి. నాలుగేళ్లు దాటిన పిల్లలకీ హెల్మెట్ ఉండాలి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకి హెల్మెట్‌తో పాటు నడిపేవారికి కట్టే బెల్టు కూడా పెట్టాలనీ, అప్పుడు స్పీడు 40 దాటకూడదనీ 2023 నుంచి నిబంధన అమల్లో ఉంది. పెట్రోలు టాంకు మీద పిల్లాణ్ణి కూర్చోబెట్టుకుని ఘాటీ ఎక్కడం ఇప్పటికీ రోజూ కనిపిస్తుంది. చీర కొంగు, చున్నీ చక్రానికి చుట్టుకోకుండా నడుముకి బిగించుకోవాలి. హ్యాండిల్‌కి సంచులు తగిలిస్తే మలుపు తిరగదు.

అయిదో పని: ఘాటీ

ఇది నిదానంగా చెప్పాలి.

దిగేటప్పుడు బండిని ఆపాల్సింది బ్రేకు కాదు, ఇంజను. పాత లారీ డ్రైవర్లు ఒక మాట అంటారు: ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. పి.కోనవలస మలుపులు ఎక్కడానికి రెండో గేరు కావాలంటే దిగడానికీ రెండో గేరే. దిగడం మొదలుపెట్టక ముందే ఆ గేరులో పడాలి. స్పీడు అందుకున్నాక గేరు తగ్గించబోతే పడదు, న్యూట్రల్‌లో ఉండిపోతుంది. ఆటోమేటిక్ కారైతే డీలో వదిలెయ్యకుండా ఎల్ లేదా మాన్యువల్‌కి మార్చండి.

బ్రేకును నొక్కిపెట్టి ఉంచకూడదు. మలుపుకి ముందు గట్టిగా ఒకసారి, స్పీడు తగ్గాక వదిలెయ్యాలి. వదిలినప్పుడే అది చల్లారుతుంది. కాలిన వాసన వచ్చిందా, వెడల్పుగా ఉన్న చోట పక్కకి తీసి ఇరవై ముప్పై నిమిషాలు ఆగండి. చక్రాల మీద నీళ్లు పోయకండి, వేడి డిస్కు పగులుతుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో, లేదా ఇంజను ఆపేసి దిగేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇంజను ఆగితే ఒకటి రెండు తొక్కులకే బ్రేకు బండరాయిలా అవుతుంది, స్టీరింగ్ బిగుసుకుంటుంది. మిగిలేది అరలీటరు, దానికి ఇంత పందెమా?

స్కూటీలకి ఇంజను పట్టు తక్కువ. రెండు బ్రేకులూ మార్చి మార్చి వాడుతూ, పది నిమిషాలకోసారి ఆగుతూ దిగాలి.

మలుపులో హారన్ కొట్టండి, మీ లైను వదలకండి. లోపలి మలుపు కోసుకుపోతే ఎదురొచ్చే లారీకి కూడా ఆ లోపలి జాగాయే కావాలి. పొడుగు లారీలకి హెయిర్‌పిన్ తిరగడానికి రోడ్డంతా కావాలి. అది తిరుగుతున్నంతసేపు వెనక్కి ఆగి ఉండాలి, పక్కన సందు కనిపించింది కదా అని దూరకూడదు. ఇరుకు చోట ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. ఇది మర్యాద కాదు, నిబంధనే. ఎక్కే లోడు లారీ ఒకసారి ఆగితే మళ్లీ కదలడానికి వెనక్కి జారుతుంది, అందుకని దాని వెనక కనీసం రెండు బళ్ల దూరం వదలండి.

ఘాటీలో ఓవర్‌టేకు గురించి నా అభిప్రాయం మొండిది. చెయ్యొద్దు. లారీ వెనక పావుగంట పోతే మీరు పోగొట్టుకునేది పావుగంట. ముందు లారీవాడు కుడి ఇండికేటర్ వేస్తే "రా" అన్నట్టని కొందరు, "రాకు, నేను తిరుగుతున్నా" అన్నట్టని కొందరు అనుకుంటారు. అర్థం ఇద్దరికీ ఒకటి కానప్పుడు ఆ సైగని నమ్మకండి.

కడుపులో తిప్పే పిల్లలకి బయల్దేరే ముందు పూరీలు పెట్టకండి. వాంతి వచ్చిందని మలుపులో బండి ఆపే తండ్రులు నాకు బాగా తెలుసు, నేనూ ఆపాను. కవరు చేతికిచ్చి ఉంచండి, వెడల్పు వచ్చేదాకా ఆగకండి.

ఆరో పని: మంచు

మంచులో హై బీమ్ వేస్తే తెల్లగోడ కనిపిస్తుంది. డిమ్ లైటు, ఫాగ్ లైట్లు ఉంటే అవి. నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లూ వెయ్యకండి, మీరు ఆగారో వెళ్తున్నారో, ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి తెలియదు. కళ్లు ఎడమ పక్క తెల్లగీత మీద ఉంచండి. ముందు బండి వెనక లైట్లు పట్టుకుని పోతే అది లోయలోకి పోయినా వెనకే పోతాం. లోపల అద్దం మసకబారితే ఏసీ వేసి గాలిని అద్దం మీదికి తిప్పండి. చేత్తో తుడుస్తుంటే ఆ చేయి స్టీరింగ్ మీద లేనట్టే.

స్పీడుకి ఒక లెక్కుంది. కంటికి కనిపించేంత దూరంలో ఆగగలగాలి. పొడి రోడ్డు మీద 60 స్పీడులో ప్రమాదం గుర్తించి బ్రేకు తొక్కి ఆగేలోపు సుమారు 45 మీటర్లు పోతాం, 80కి 70, 100కి వంద దాకా. మంచుకి తడిసిన రోడ్డు మీద ఇంకా ఎక్కువ. ముప్పై మీటర్లు కనిపిస్తుంటే 40 కూడా ఎక్కువే. ఏమీ కనిపించకపోతే రోడ్డు దిగి, బాగా పక్కకి, వీలైతే ఏదైనా బంకులోకో టీ కొట్టు ఆవరణలోకో వెళ్లి ఆగండి. రోడ్డు అంచున ఆగి లైట్లు వేసుకుంటే వెనకవాడు అదే దారి అనుకుని మీ మీదికే వస్తాడు.

ఏడో పని: పెద్ద రోడ్డు మీద నిదానం

నాలుగు లైన్ల రోడ్డు మీద కారుకి 100, బైకుకి 80 గరిష్ఠం, బోర్డు తక్కువ చూపిస్తే బోర్డే చట్టం. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయింది 1,68,491 మంది. పదింట ఏడు చావులు అతివేగం ఖాతాలోవే. కానీ 16వ నంబరు రోడ్డు మీద నన్ను భయపెట్టేది కదిలే బళ్లు కాదు, ఆగినవి. టైరు పేలో డ్రైవరు నిద్రకో ఎడమ లైనులో ఆగిపోయిన లారీకి వెనక లైటుండదు, రెండు రాళ్లూ ఒక చెట్టుకొమ్మా ఉంటాయి. రాత్రి ఎడమ లైనులో ఖాళీ ఉందని రయ్యిమని పోకండి. ముందు బండికి మూడు సెకన్ల దూరం వదలండి, రాత్రి నాలుగు.

పలాస, కంచిలి వైపు ఊళ్లవాళ్లు యూటర్న్ దూరమని డివైడరు పక్కనే ఎదురు వస్తారు. కుడి లైనులో స్పీడుగా పోయేవారికి హఠాత్తుగా ఒంటి లైటు ఎదురవుతుంది. తిట్టుకుని లాభం లేదు. ఊరి బోర్డు కనిపించగానే ఎడమ లైనుకి వచ్చి 60కి తగ్గండి.

ఎనిమిదో పని: పల్లె రోడ్డు

పండగకి ఊళ్లలో రోడ్డే కళ్లం. ఉలవలు, చోళ్లు, కంది కట్టెలు తారు మీద పరిచి మన చక్రాలతో నూర్పిస్తారు. బైకుకి అది సబ్బునీళ్లు. బ్రేకు తొక్కకుండా, హ్యాండిల్ తిప్పకుండా, నిదానంగా నిటారుగా దాటాలి, లేదా దిగి నడిపించాలి. గడ్డి మందంగా ఉంటే దాని మీద కారు ఆపకండి, కింద వేడి సైలెన్సరుకి గడ్డి అంటుకుంటుంది. పంట పోసినవాళ్లు అంచున పెట్టే రాళ్లని తరవాత తియ్యరు, రాత్రి వాటిని మనమే వెతుక్కోవాలి.

కుక్క అడ్డొస్తే పక్కకి లాగొద్దు, నిటారుగా బ్రేకు వెయ్యండి. ఆవు ఒకటి దాటితే రెండోది వెనకే ఉంటుంది. ఒడిశా వైపు కుర్రాళ్లు పండగ చందాకి వెదురో తాడో అడ్డం పెడతారు. దూరం నుంచే స్పీడు తగ్గించి, పది ఇరవై చేతిలో పెట్టి, ఒక నవ్వు నవ్వి వెళ్లిపోండి. తాడు కింద నుంచి బైకు దూర్చబోవడం మెడకి మంచిది కాదు.

ఇక ఏనుగులు. గజపతి జిల్లా లఖేరి అడవుల నుంచి దిగిన ఏనుగులు కొన్నేళ్లుగా కురుపాం, కొమరాడ, జియ్యమ్మవలస పొలాల్లోనే తిరుగుతున్నాయి. పార్వతీపురం, రాయగడ దారిలో చీకటి పడ్డాక ఇది కథ కాదు. రోడ్డు మీద కనిపిస్తే వంద మీటర్ల వెనకే ఆగి, డిమ్ చేసి, ఇంజను ఆపకుండా, హారన్ కొట్టకుండా నిదానంగా వెనక్కి తీసుకోండి. ఒకటే కదా, దాటిపోదాం అనకండి, మిగతావి చెరుకులో ఉంటాయి. ఫోను తీసి దిగేవాళ్లకి చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు.

నాలుగు ఒడియా మాటలు వచ్చి ఉంటే మంచిది. "రుహంతు" అంటే ఆగండి, "ధీరే" మెల్లగా, "ఆగరే" ముందు, "హాతీ" ఏనుగు. పక్కన నిలబడి ఎవరైనా "ఆగరే హాతీ" అని చేతులు ఊపుతుంటే చందా కోసం కాదు.

బస్సులో వచ్చేవాళ్లు

బస్సెక్కగానే సీటు కన్నా ముందు అత్యవసర ద్వారం ఎక్కడుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఉందో లేదో చూడండి. 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర రోడ్డు మీద పడి ఉన్న బైకును ఈడ్చుకెళ్లిన స్లీపర్ బస్సు నిమిషాల్లో కాలిపోయింది. చీకట్లో, పొగలో తలుపు వెతకడానికి టైముండదు. నడవలో బస్తాలు పెట్టనివ్వకండి, చెప్పులు, ఫోను చేతికందేలా ఉంచుకోండి. రాత్రంతా ఒక్క డ్రైవరే నడుపుతుంటే అడగండి. పండగ రద్దీలో అడిగేవాణ్ణి చికాకుగా చూస్తారు, చూడనివ్వండి.

తొమ్మిదో పని: పండగ మూడు రోజులు

ఘాటీ క్షేమంగా దిగినవాళ్లు ఊళ్లో పడిపోతారు. అక్క ఇల్లు నాలుగు కిలోమీటర్లే కదా, హెల్మెట్ ఎందుకని బైకు మీద ముగ్గురు. కనుమ నాటి మాంసం, మందు, పందేలు చూసి చీకట్లో తిరుగు ప్రయాణం. రక్తంలో 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాములు దాటితే నేరం, మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అంతకన్నా పనికొచ్చే ఉపాయం ఒకటుంది. మా ఇంట్లో కనుమ పొద్దున్నే బళ్ల తాళాలన్నీ మా అమ్మ బియ్యం డబ్బాలో వేసేస్తుంది. ఎవరికి కావాలన్నా ఆవిడ ముందు నిలబడి, నోరు తెరిచి అడగాలి.

ఊళ్లో ట్రాక్టరున్న బాబాయిలు ఉంటే ట్రాలీ వెనక ఎర్ర రిఫ్లెక్టర్ టేపు అంటించి రండి. నాకు ఆ ఏడాది నుంచి అది పండగ పనుల్లో ఒకటి.

పదో పని: జరగకూడనిది జరిగితే

ముందు మీ బండిని రోడ్డు నుంచి దూరంగా ఆపి నాలుగు ఇండికేటర్లూ వెయ్యండి. ఎర్ర త్రికోణాన్ని వెనక యాభై మీటర్లు నడిచి పెట్టండి, మలుపైతే మలుపుకి అవతల. రెండో ప్రమాదం ఎప్పుడూ చూడ్డానికి వచ్చినవాళ్లకే జరుగుతుంది.

112 లేదా 108. 16వ నంబరు రోడ్డు మీద 1033 కూడా, టోల్ గేటు అంబులెన్సు, క్రేను దాని ద్వారా వస్తాయి. సరిహద్దులో మీ ఫోను ఏ రాష్ట్రం టవర్ పట్టుకుందో మీకు తెలియదు. అందుకని మొదటి మాటగా రాష్ట్రం, తర్వాత జిల్లా, రోడ్డు నంబరు, దగ్గరి కిలోమీటరు రాయి, ఊరి పేరు చెప్పండి. అవతల ఒడియా వినిపిస్తే కంగారు పడకుండా "ఆక్సిడెంట్ హెయిచి, ఆంబులెన్స్ దర్‌కార్" అనండి, చాలు.

రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా నొక్కి పట్టుకోండి, మాటిమాటికీ తీసి చూడకండి. మెడ, నడుము కదపకండి, బండికి మంటలంటుకునే ప్రమాదం ఉంటే తప్ప. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ లాగకండి. నీళ్లు పట్టకండి, ఆపరేషన్‌కి అడ్డం, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే అడ్డం. పెద్ద ఆసుపత్రులు గుర్తుంచుకోండి: బరంపురంలో ఎం.కె.సి.జి., కోరాపుట్‌లో ఎస్.ఎల్.ఎన్. మెడికల్ కాలేజీ, శ్రీకాకుళంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, విశాఖలో కె.జి.హెచ్.

పోలీసు కేసు అవుతుందని జనం దూరంగా నిలబడతారు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ వచ్చింది. సాయం చేసినవారిని కేసులోకి లాగకూడదు, పేరు చెప్పమని బలవంతం చెయ్యకూడదు. మొదటి గంటలో ఆసుపత్రికి చేర్చినవారికి కేంద్రం ఇచ్చే బహుమతిని 2025లో 25,000 రూపాయలకి పెంచారు. అదే ఏడాది మే నుంచి, గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో ప్రమాద బాధితులకి ఏడు రోజుల దాకా, లక్షన్నర వరకు నగదు కట్టక్కర్లేని వైద్యం ఉంది. అడ్వాన్సు కట్టమంటే ఈ పథకం పేరెత్తండి.

ఆఖరి పని: తిరుగు ప్రయాణం

కనుమ నాడు కాకి కూడా కదలదని మన పెద్దల మాట. అది రోడ్డు భద్రత కోసం అన్నారో లేదో నాకు తెలీదు గానీ, అంతకన్నా మంచి నియమం నాకు దొరకలేదు. కనుమ సాయంత్రం బరువు తిని, రాత్రి పదకొండింటికి బయల్దేరి, పొద్దున డ్యూటీకి అందాలనుకునేవాళ్లతోనే ఆ రాత్రి రోడ్డు నిండి ఉంటుంది. ఒక్క సెలవు ముందే పెట్టించుకోండి. ముక్కనుమ నాడు ఉదయం తొమ్మిదింటికి కాఫీ తాగి, అమ్మ డబ్బాలోంచి తాళం అడిగి తీసుకుని, స్టెప్నీ గాలి మళ్లీ చూసుకుని బయల్దేరితే సాలూరు దాటి పి.కోనవలస చేరేసరికి మంచు పూర్తిగా విడిపోయి ఉంటుంది. అరిసెల డబ్బా కాళ్ల దగ్గర పెట్టకండి, దొర్లి బ్రేకు పెడల్ కిందికి వెళ్తుంది. మాది ఒకసారి వెళ్లింది.